నడివయసు ప్రేమకు హాలంతా నవ్వింది

సినిమా హాల్లో ఈమధ్య మీరు ఎవరిని చూసి నవ్వారు? నటుడి పేరు అడగడం లేదు. తెరమీద ఏ మనిషి ఏం కోరుకున్నందుకు మీకు నవ్వొచ్చింది? ఒక్క నిమిషం ఆగి గుర్తు తెచ్చుకోండి. నేను గుర్తు తెచ్చుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాను.

నేను సినిమా పండితుణ్ణి కాను. చీపురుపల్లిలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్తాను. సెలవురోజుల్లో మా హేతువాద సంఘం మీటింగుల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడతాను. నెలకో రెణ్ణెల్లకో ఒకసారి రైలెక్కి విజయనగరం వెళ్ళి మ్యాట్నీ చూస్తాను. నవ్వించే సినిమాలు, ప్రేమ సినిమాలు తప్ప మరొకటి చూడను. నరుక్కునే సినిమాలు చూసే ఓపిక నాకు లేదు. మా ఆవిడకి హాల్లో చలి. అందుకని నాతో వచ్చేది మా అక్క. నాకంటే మూడేళ్ళు పెద్దది, యాభై ఆరు. బావ పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. మా వీధి చివర ఇంట్లో ఉంటూ ఊరగాయలు పెట్టి అమ్ముతుంది.

సినిమా మా ఇద్దరికీ హాల్లో సగమే. మిగతా సగం తిరుగు రైల్లో. నేను ఉపన్యాసం ఎత్తుకుంటాను, అక్క ఒక్క మాటతో దాన్ని కూలుస్తుంది.

ప్రేమ సినిమాల మీద నా కోపం అందరికీ తెలిసిందే. హీరోకి ఉద్యోగం ఉండదు, చదువు ఉండదు. ఒకమ్మాయి కాలేజీ గేటు ముందు నిలబడటమే అతని వృత్తి. ఆమె వద్దంటుంది. వద్దన్న మాటకి మన సినిమాల్లో అర్థం 'రేపు మళ్ళీ రా' అని. మన పిల్ల వెనక ఎవడైనా అలా పడితే చీపురు తిరగేస్తాం, పోలీసుల దగ్గరికి పోతాం. తెరమీద పడితే ఈల వేస్తాం. ఇది ఏం న్యాయమని నేను నెల్లిమర్ల స్టేషను దాకా మండిపడుతుంటే, అక్క శనగలు నములుతూ అనేది: "ఆడికి పనీ పాటా నేదేటిరా? పొద్దస్తమానూ ఆ గేటు కాడే ఉంతాడు. ఆళ్ళమ్మ ఇంకా అన్నం ఎలగ పెడతందో!"

హాస్యం సంగతి ఇంకా ఘోరం. దొంగో, తాగుబోతో, ఇంట్లో పనివాడో తెరమీదకి వస్తే చాలు, వాడి నోట మన ఉత్తరాంధ్ర మాట పెడతారు. వాడు 'ఏటి' అనగానే విజయనగరం హాలు ఘొల్లుమంటుంది. బయటికొచ్చి ఆ నవ్విన జనమే 'ఏటిరా, బండెక్కడెట్టినావు' అనుకుంటూ పోతారు. తమ మాటని తామే వెక్కిరించుకోవడం ఏమిటని నేనడిగితే అక్క కళ్ళు పెద్దవి చేసింది. "అది మన మాటేనేటి? ఆ దొంగెదవ ఏ దేసపోడో అనుకున్నాను!"

మెచ్చుకోవలసింది కూడా ఉంది, మెచ్చుకోకపోతే అన్యాయం. ఈ నాలుగైదేళ్ళుగా చిన్న చిన్న సినిమాలు కొన్ని వస్తున్నాయి. వాటిలో మనుషులు మన వీధిలో మనుషుల్లా ఉంటున్నారు. అమ్మాయికి ఉద్యోగం ఉంటుంది, అభిప్రాయం ఉంటుంది. వద్దంటే వెనక్కి పోయే అబ్బాయిని కూడా ఒకటి రెండు సినిమాల్లో చూశాను. చూసి, చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి.

ఆ సినిమాలో హీరోకి ఒక మావయ్య. యాభై దాటినవాడు, భార్య పోయినవాడు. ఆయనకి లేడీస్ హాస్టల్ వార్డెన్ మీద ఇష్టం. ఆవిడకీ భర్త లేడు. ఇంతే కథ, దీన్ని కామెడీ కోసం పెట్టారు. మావయ్య జుట్టుకి రంగేసుకుంటాడు, వానలో ఆ రంగు మొహమంతా కారుతుంది. గులాబీ పట్టుకుని వెళ్ళి బురదలో పడతాడు. మేనల్లుడు అదంతా ఫోన్లో తీసి ఊరందరికీ చూపిస్తాడు. హాలు దద్దరిల్లింది. నేను కూడా కుర్చీ చెయ్యి బాదుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. నవ్వు పంచుకుందామని పక్కకి తిరిగాను. అక్క పాప్‌కార్న్ పొట్లం మూతి మడుస్తోంది. ఒక మడత, దానిమీద ఇంకో మడత. జోకు అర్థం కాలేదేమో అనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి నేను.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. నెల్లిమర్ల దాటాక అక్క అడిగింది.

"అంత నవ్వెందుకొచ్చినాదిరా నీకు?"

"హాస్యమంటే పొంతన లేకపోవడం అక్కా. ఆ వయసువాడు ఇరవై ఏళ్ళ కుర్రాడిలా..." అని మొదలుపెట్టాను.

"అది కాదు. ఆడు రంగేసుకున్నాడని నవ్వినావా, ఆడికి ఆవిడంటే ఇష్టమని నవ్వినావా?"

వేదికల మీద ఎన్నో ప్రశ్నలు ఎదుర్కొన్నాను. ఇలాంటిది ఎవరూ అడగలేదు. "రెండూనేమో" అన్నాను.

"అయితే ఇను. ఆ నౌపడ ఉప్పాయన్ని నాను పెళ్ళి సేసుకుందామనుకుంతన్నాను. నెల్రోజుల్నుంచి నీకు సెప్పాలని సూస్తన్నాను. ఇయేళ సినిమా అయ్యాక సెబుదామని వచ్చినాను. నువ్వేమో నవ్వు ఆపలేదు."

గరివిడి వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. నేను కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తూ కూర్చున్నాను.

ఉప్పాయన నాకు తెలియనివాడు కాదు. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసి, ఇప్పుడు ట్రాలీ ఆటోలో బస్తాలు వేసుకుని ఊరూరా కల్లుప్పు అమ్ముతాడు. భార్య పోయి చాలా కాలమైంది, కూతురికి పెళ్ళి చేసి పంపాడు. ఆవకాయ రోజుల ముందు అక్క వాకిట్లో బస్తాలు దించుతుంటే తలూపేవాణ్ణి, ఆయనా తలూపేవాడు. ఆరేళ్ళ పరిచయం అంతే.

"అతన్నే ఎందుకు?" అని అడిగాను. గొంతులో విచారణ ఉంది, నాకే వినబడింది.

"మూడేళ్ళ కిందట బస్తాలు తెచ్చి, దించకండా నిలబడ్డాడు. 'రాత్రి జల్లు పడ్డాదండి, ఉప్పు సెమ్మగున్నాది. దీంతో పెడితే మీ ఊరగాయ బూజట్టేస్తాది. తీసుకోకండి' అన్నాడు. మరి అంత దూరం నుంచి ఎందుకు తెచ్చినావయ్యా అంటే, 'ఇయేళ వస్తానని మాటిచ్చినాను కదండి, రాకపోతే మీరు సూస్తా ఉంతారు' అన్నాడు." అక్క నా వైపు తిరిగింది. "తన సరుకు కొనద్దన్నోణ్ణి నాను పుట్టి అతన్నొక్కణ్ణే సూసినాన్రా."

నేను ఇన్ని ప్రేమ సినిమాలు చూశాను. పూలు, పాటలు, విదేశాల్లో మంచుకొండలు, పెళ్ళిపీటల మీంచి లాక్కుపోవడాలు. తనకి నష్టమొచ్చే నిజాన్ని ఆమె మేలు కోసం చెప్పిన ప్రేమికుణ్ణి ఒక్క సినిమాలోనూ చూడలేదు. హేతువాదిని కదా, ప్రేమకి ఒక రుజువు అడగాలంటే ఇంతకంటే మంచి రుజువు ఏముంటుంది?

కానీ ఆ రైల్లో ఈ ఆలోచన రాలేదు. మొదట వచ్చింది 'ఊళ్ళో ఏమనుకుంటారు?' అన్న ఆలోచన. వితంతు వివాహాల మీద ముప్పై ఏళ్ళు గొంతు చించుకున్న నాకు! తర్వాత తరచి చూసుకుంటే కారణం దొరికింది. నా ఉపన్యాసాల్లో వితంతువు ఎప్పుడూ పద్దెనిమిదేళ్ళ పిల్ల. జాలిపడటానికి వీలుగా ఉండేది. యాభై ఆరేళ్ళ మనిషి, చదవడానికి కళ్ళజోడూ మోకాళ్ళకి నూనే వాడే మనిషి, తనకి తానుగా ఒకరిని ఇష్టపడటం నా ప్రసంగాల్లో ఎక్కడా లేదు. సినిమావాడి ఊహలోనూ లేదు. అందుకే వాడు నవ్వించాడు, నేను నవ్వాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"నాకు రెండేళ్ళ నుంచి తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"సెబితే మీటింగెట్టేస్తారని."

ఆవిడ నన్ను ఎంత బాగా చదివిందో వారంలో తేలిపోయింది. మొదటి సిగ్గు పోగానే నాలో ఉత్సాహం పొంగింది. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆచారాలని ఎదిరించేవాళ్ళకీ ఆచారాలుంటాయి మరి. పెళ్ళి అమావాస్య నాడు పెట్టాలి, లేదా రాహుకాలంలో పెట్టాలి. మంత్రాలుండవు, వాటి స్థానంలో ఉపన్యాసాలుంటాయి. నా పెళ్ళిలో అవి ఎంతసేపు సాగాయంటే, భోజనాలు చల్లారిపోయి, పెరుగు పులిసిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ క్షమించలేదు. అయినా నాకు బుద్ధి రాలేదు. అమావాస్య చూశాను, హాలు మాట్లాడాను, కరపత్రం రాసి ప్రెస్సుకిచ్చాను. అచ్చు నమూనా చేతికి రాగానే అక్క దగ్గరికి పరిగెత్తాను.

అక్క జాడీలు కడిగి ఎండబెడుతోంది. చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని కాగితం పైనుంచి కిందికి చదివింది.

"ఇందులో నా పేరెక్కడరా?"

చూపించాను.

"సీమ తలకాయంతున్నాది. పైన 'ఆదర్శ వితంతు వివాహం' మాత్రం గుమ్మడికాయంతున్నాది. నీ పేరు కొబ్బరికాయంతున్నాది."

"అది కాదక్కా, నలుగురికీ ఒక ఉదాహరణగా ఉండాలని..."

"ఉదారణ అవడానికి నాను పెళ్ళి సేసుకోటం నేదురా." అక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఆ సినిమావోళ్ళు ఆ ముసిలోణ్ణి సూపించి నవ్వించినారు. నువ్వు నన్ను సూపించి సప్పట్లు కొట్టిస్తావు. ఆళ్ళకీ నీకూ తేడా ఏటి? ఏటి, సెప్పు?"

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"వొగ్గీరా. పెళ్ళీ వద్దు, ఏటీ వద్దు. నా మానాన నాను ఊరగాయ పెట్టుకుంతాను." కాగితం మడిచి నా చేతిలో పెట్టి, జాడీల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మడత కూడా పాప్‌కార్న్ పొట్లం మడతలాగే ఉంది.

మర్నాడు ఉప్పు ఆటో వచ్చింది. అక్క తలుపు తీయలేదు. ఆయన కాసేపు వాకిట్లో నిలబడి, నెమ్మదిగా మా ఇంటికి వచ్చాడు. తలకి చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీ అక్కగారికి ఒంట్లో బాగోనేదా అండి?"

జరిగింది చెప్పాను. దాచకుండా, నా గుమ్మడికాయ అక్షరాలతో సహా. ఆయన అంతా విన్నాడు.

"నాకు మీటింగైనా పర్వానేదండి. గుళ్ళో అయినా పర్వానేదు. ఆవిడికి నచ్చకపోతే మాత్రం ఏదీ వద్దండి." ఆటోలోంచి రెండు బస్తాలు దించి మా అరుగు మీద పెట్టాడు. "ఇది పొడిగున్నాది. ఆవకాయకి అక్కరకొస్తాది, ఆవిడికిచ్చీండి." అంతే. ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నేను అరుగు మీదే నిలబడిపోయాను. సినిమా హీరో అయితే ఆ వాకిట్లో వానలో మూడు రోజులు నిలబడేవాడు, చెయ్యి కోసుకునేవాడు, మనం ఈలలేసేవాళ్ళం. ఈయన వద్దన్న మాట విని, బస్తాలు దించి వెళ్ళిపోయాడు. నేను ఏళ్ళ తరబడి రైల్లో ఏ ప్రేమికుడు కావాలని వాదించానో ఆ మనిషి ఇప్పుడే నా గుమ్మం దిగి వెళ్ళాడు. పోగొట్టింది ఎవరు? నేను.

ఆ పూటే ప్రెస్సుకి ఫోన్ చేసి కరపత్రం ఆపించాను. హాలు వద్దన్నాను. రెండు బస్తాలూ సైకిల్ మీద ఒక్కొక్కటిగా తోసుకుంటూ అక్క ఇంటికి చేర్చాను. చేర్చి, జవాబు ముందే సిద్ధం చేసుకోని ప్రశ్న ఒకటి జీవితంలో మొదటిసారి అడిగాను.

"నీకెలా కావాలక్కా?"

"అడుగుతన్నావా, వాదిస్తావా?"

"అడుగుతున్నాను."

అక్క బస్తా మూతి విప్పి, గుప్పెడు ఉప్పు తీసి, వేళ్ళ మధ్య రాలనిచ్చి చూసింది. పొడిగా రాలింది.

"వానలు పడ్డాక సేసుకుంతాను. అప్పుడు ఉప్పుమళ్ళు నీళ్ళలో ఉంతాయి, ఆయనికి పనుండదు. నా ఆవకాయ జాడీలు కూడా ఎల్లిపోతాయి. ఇద్దరికీ తీరికుంతాది. ఆపీసుకెళ్ళి సంతకాలు పెడదాం. రామతీర్థం కొండెక్కి పులిహోర తిందాం. అంతే. ఉపన్నాసం నేదు."

మనసులో లెక్క వేశాను. వానలు పడ్డాక అంటే ఆషాఢం! పెళ్ళిమాటే ఎత్తకూడదని ఊరంతా నమ్మే నెల. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏటి?" అంది అక్క.

"ఏమీ లేదు" అని నోరు మూసుకున్నాను. నా ప్రసంగాల్లోకెల్లా గొప్పది అదేనని మా ఆవిడ అభిప్రాయం.

నిజం చెప్పాలంటే ఆ రోజు నా వాదం ఒక మెట్టు పైకెక్కింది. ముహూర్తానికి భయపడేవాడు పంచాంగం చూసి రోజు పెడతాడు. ముహూర్తాన్ని ధిక్కరించే నాలాంటివాడూ పంచాంగం చూసే అమావాస్య వెతుక్కుంటాడు. అక్క పంచాంగం తెరవలేదు. ఉప్పుమడిని చూసి రోజు పెట్టింది.

నెల రోజుల పెళ్ళి నోటీసు రిజిస్ట్రారు ఆఫీసు బోర్డు మీద అంటించారు. మేము వెళ్ళినప్పుడు ఇద్దరు దాన్ని చదివి, వయసులు వేలితో చూపించుకుని నవ్వుతున్నారు. హాల్లో నేను నవ్విన నవ్వే అది, అక్షరం తేడా లేదు. నేను చొక్కా చేతులు మడుస్తుంటే అక్క ఆపింది. "నవ్వనీరా. నవ్వే ముందు మా పేర్లు సదువుతన్నారు కదా." ఊళ్ళో ఒకావిడ అడగలేక అడగలేక ఆయనది ఏ కులమని అడిగింది. మీకూ ఆ ప్రశ్న ఇప్పటికే వచ్చి ఉంటుంది. నేను చెప్పను. అక్క చెప్పిన జవాబు మాత్రం రాస్తాను: "ఉప్పుకి కులమేటమ్మా? నీ కూరలోనూ ఉన్నాది, నా కూరలోనూ ఉన్నాది."

ఆషాఢంలో ఒక బుధవారం సంతకాలయ్యాయి. సాక్షులు ముగ్గురు. నేనూ, మా ఆవిడా, ఆయనతో ఉప్పుమళ్ళలో పనిచేసిన ఒక పెద్దమనిషీ. సన్నటి తుంపరలో రామతీర్థం కొండెక్కాం. పైన బౌద్ధుల కాలపు ఇటుకల దగ్గర కూర్చోగానే నాకు బౌద్ధం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. మా ఆవిడ కనిపెట్టి పులిహోర ముద్ద చేతిలో పెట్టింది. అక్క చేసిన పులిహోర. అందరం బాగుందన్నాం. పెళ్ళికొడుకు నిదానంగా నమిలి, అక్క వైపు చూసి, "ఉప్పు సాలనేదండి" అన్నాడు.

అక్క నవ్వింది. తొమ్మిదేళ్ళలో అంత నవ్వు నేను వినలేదు. "సూసినావేటిరా, పెళ్ళి రోజైనా అబద్దమాడడు" అంది. నేను ఆయన్ని మొదటిసారి 'బావా' అని పిలిచి, ఇంకో ముద్ద అందించాను.

ఇప్పుడు మ్యాట్నీకి ముగ్గురం వెళ్తున్నాం. మొన్నామధ్య ఒక చిన్న సినిమా చూశాం. అందులో హీరోయిన్ మేనత్త యాభై ఏళ్ళ మనిషి. రోజూ ఒకే బస్సులో వచ్చే ఒకాయనకి కిటికీ సీటు వదిలి పక్కకి జరుగుతుంది. పాట లేదు, రంగు కారలేదు. ముందు వరుసల్లోంచి ఎవరో నవ్వు మొదలుపెట్టారు. హాలు ఎక్కడ అందుకుంటుందోనని చూశాను. ఎవరూ అందుకోలేదు. ఆ నవ్వు ఒంటరిగా కాసేపు ఉండి, దగ్గుగా మారి ఆగిపోయింది. పక్కకి తిరిగి అక్కని చూశాను. ఆమె పొట్లం తెరిచే ఉంది. మధ్యలో పెట్టుకుని ఇద్దరూ తింటున్నారు.

రైల్లో అభిప్రాయం అడిగాను. "బాగున్నాది" అంది అక్క. "ఉన్నది ఉన్నట్టు తీసినారు" అన్నాడు బావ. "గానీ ఆ కండక్టరు ఆవిడికి టిక్కెట్టు కొట్టడం మర్సిపోయినాడు."

ఒక హాల్లో ఒక నవ్వు ఆగింది. చిన్న విషయమే, కానీ దాన్ని ఆపింది చట్టం కాదు, నా ఉపన్యాసం అంతకంటే కాదు. టిక్కెట్టు కొని కూర్చున్న మనుషులు ఆపారు. అంటే మీరూ ఆపగలరు.

కాబట్టి ఈ ఆదివారం మీ ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆ మనిషిని సినిమాకి తీసుకెళ్ళండి. అక్కో, పిన్నో, అమ్మో, నాన్నో, మీకు తెలుసు ఎవరో. హాలంతా నవ్వినప్పుడు తెర చూడకండి, పక్కకి తిరిగి ఆ ముఖం చూడండి. ఆ ముఖంలో నవ్వు లేకపోతే, బయటికొచ్చాక ఎందుకని అడగండి. అడిగి, మీరు నోరు మూసుకుని, చెప్పేదంతా వినండి.